సగంలో ఆగిన పాఠం



మేము చదువుకున్న మద్రసాలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరపాలని గత రజబ్ మాసంలో నిశ్చయమైంది. షాబాన్‌లో వార్షిక పరీక్షలు, రమజాన్‌లో తరావీహ్ నమాజులు, చందాల సేకరణ ఉంటాయి. మస్జిదులలో ఇమాములుగా, మద్రసాలలో ఉస్తాదులుగా ఉన్నవారికి ఆ రెండు నెలలూ ఊపిరి సలపదు. అందుచేత ఈద్ తర్వాత, కొత్త చేర్పులు మొదలు కాకముందే, షవ్వాల్ మొదటి వారంలో కలుసుకుందామని పెద్దలు నిర్ణయించారు. మా తరగతి వారి జాబితా తయారుచేసే పని మాకు అప్పగించారు.

అది సులువైన పనే అనుకున్నాము. మాతో పాటు దస్తార్ బందీ జరిగినవారు పదకొండు మంది. ఒకరు అల్లాహ్ కారుణ్యానికి చేరారు. ఇద్దరు గల్ఫ్‌లో ఉన్నారు. తక్కిన వారి ఫోన్ నెంబర్లు మా వద్దనే ఉన్నాయి. అయినా తండ్రి పేర్లు సరిచూసుకుందామని మద్రసా కార్యాలయంలో పాత దాఖలా రిజిస్టర్ అడిగి తెరిచాము. మేము చేరిన ఆ షవ్వాల్ మాసంలో ముప్పై నాలుగు పేర్లు నమోదై ఉన్నాయి. అంటే ఇరవై ముగ్గురు మధ్యలోనే వెళ్ళిపోయారు. కారణం రాయవలసిన గడిలో కొందరికి ‘తండ్రి మరణం’ అనీ, కొందరికి ‘పనిలో చేరాడు’ అనీ ఉంది. చాలామందికి ఏమీ లేదు.

ఆ ఖాళీ గడులలో ఒకదాని వద్ద మా వేలు ఆగిపోయింది. ఆ పేరు ఇక్కడ రాయము. కారణం మాత్రం రాస్తాము, ఎందుకంటే అది మాకు తెలుసు.

అతడు దూదేకుల కుటుంబం నుండి వచ్చిన బాలుడు. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. ఖుర్ఆన్ పారాయణంలో మా అందరికంటే ముందుండేవాడు. అతని కంఠం విని ఉస్తాద్ గారు కళ్ళు మూసుకునేవారు. చిక్కు వ్యాకరణం దగ్గర వచ్చింది. మా మద్రసాలలో అరబీ వ్యాకరణానికి తొలిమెట్టు ‘మీజానుస్సర్ఫ్’. ఆ పుస్తకం ఉన్నది ఫార్సీలో. దానిని వివరించేది ఉర్దూలో. నేర్చుకోవలసినది అరబీ. ఉర్దూ ఇళ్ళ నుండి వచ్చిన మాకే అది రెండు గోడలు దాటడం. అతనికి మూడు గోడలు. ఉస్తాద్ గారు ఉత్తరాది వారు. ఎంతో దయగల మనిషి, కాని వారికి తెలుగు రాదు.

ఒకనాడు అతని చేతిలోని పుస్తకం జారిపడింది. “కితాబ్ గిర్ గయా” అన్నాడు. ఉర్దూలో కితాబ్ స్త్రీలింగం, ‘గిర్ గయీ’ అనాలి. పడిపోయిన వస్తువు ఆడో మగో చూడని తెలుగు నుండి వచ్చిన పిల్లవాడికి అది ఎలా తెలుస్తుంది? తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆనాటి నుండి అన్నం పెట్టే చోట, వుజూ చేసే చోట, ఎక్కడ ఎదురైనా “కితాబ్ గిర్ గయా” అనే పిలిచాము. ఆ మాటను మొదట అతనికి పేరుగా పెట్టినది మేమే. మా దక్కనీ ఉర్దూ విని ఉత్తరాది వారు ఎలా నవ్వుతారో మాకు తెలియనిదేమీ కాదు.

అయినా ఒక రాత్రి అతడు మా దగ్గరకే వచ్చాడు. “నీకు తెలుగు బాగా వచ్చు కదా, ఒక్కసారి చెప్పవా?” అని అడిగాడు. ఇషా నమాజు తర్వాత వరండాలో లాంతరు పెట్టుకొని చెప్పాము. ఫఅల అంటే అతడు చేశాడు, ఫఅలా అంటే వారిద్దరు చేశారు, ఫఅలూ అంటే వారందరు చేశారు... నాలుగు రాత్రులలో భూతకాలపు పద్నాలుగు రూపాలూ అతనికి పట్టుబడ్డాయి. అయిదవ నాటికి తోటివారు మమ్మల్ని కూడా ఎగతాళి చేయసాగారు. ఆ రాత్రి తలనొప్పి అని చెప్పి పడుకున్నాము. మర్నాడూ అంతే. మూడవనాడు అతడు రాలేదు. బక్రీద్ సెలవులకు వెళ్ళినవాడు మళ్ళీ మద్రసా ముఖం చూడలేదు.

సమ్మేళనం జాబితాలో ఈ ఇరవై ముగ్గురినీ చేర్చాలని మేము ప్రతిపాదించినప్పుడు కమిటీలో కొందరు సందేహించారు. “ఇది ఫారిగ్ అయిన ఉలమాల సమావేశం. వారిని పిలిస్తే తలపాగాల మధ్య వారికే చిన్నతనంగా ఉండదా?” అన్నారు. ఆ మాటలో దయ లేకపోలేదు. కాని మేము పిల్లలకు బోధించే హదీసు విద్య మాకు మరొకటి నేర్పింది. ఇమామ్ బుఖారీ ‘అత్తారీఖుల్ కబీర్’ అనే గ్రంథంలో ఉల్లేఖకుల పేర్లు కూర్చినప్పుడు ప్రఖ్యాతులనే కాదు, ఎవరికీ అంతగా తెలియనివారిని కూడా చేర్చారు. ఎవరు ఎవరి వద్ద విన్నారన్నదే అక్కడ లెక్క. ఒక ఉస్తాద్ ముందు కూర్చుని ఒక్క పాఠం విన్నవాడు కూడా ఆ ఉస్తాద్ శిష్యుడే. చివరకు అందరూ అంగీకరించారు.

అతని ఊరి మస్జిద్ ముఅజ్జిన్ ద్వారా ఫోన్ నెంబరు దొరికింది. పరుపుల దుకాణం నడుపుతున్నాడు. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. “మౌలానా గారూ, బాగున్నారా?” అన్నాడు. ఆ ‘గారు’ మాకు ముల్లులా తగిలింది.

అల్లాహ్ పట్ల చేసిన లోపానికి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటాము. దాసుని పట్ల చేసిన అన్యాయానికి ఆ దాసుణ్ణే అడగాలి. ఈ సంగతి ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్న మేము ఆ రోజు అడిగాము. అటువైపు కొంతసేపు మాట లేదు.

“ఆ మాట మరిచిపోలేదండీ” అన్నాడు. “మా పిల్లల్ని చదువుకు పంపే వయసు వచ్చినప్పుడు గుర్తొచ్చింది. ఒక్కడినీ మద్రసాకు పంపలేదు.”

మాకు జవాబు దొరకలేదు. అప్పుడు అతడే మెల్లగా మొదలుపెట్టాడు. ఫఅల, ఫఅలా, ఫఅలూ... చివరి ఫఅల్నా వరకు పద్నాలుగు రూపాలూ ఒక్క తప్పు లేకుండా చదివాడు. అదే కంఠం. “అంతవరకు నువ్వు చెప్పావు” అన్నాడు. “ఆ తర్వాతది నాకు రాదు.”

క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. సమ్మేళనానికి రమ్మంటే “చూద్దాం” అన్నాడు.

పాఠకులలో పాత బడి సమావేశాలు జరిపేవారు ఎందరో ఉంటారు. వారికి మా మనవి ఒక్కటే. జాబితాను చివరి తరగతి నుండి కాక దాఖలా రిజిస్టర్ నుండి మొదలుపెట్టండి. మధ్యలో వెళ్ళినవారిలో కొందరు పేదరికం వల్ల వెళ్ళి ఉంటారు, కొందరు మన వల్ల. ఉస్తాదులకు మరొక మాట. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే బిడ్డకు మీజాన్ పాఠాన్ని తెలుగులో ఒకసారి చెబితే పాఠం గౌరవం తగ్గదు. మేము ఈ ఏడు అలాగే చెప్పాము.

భూతకాలం తర్వాతి పాఠం ముజారె. జరుగుతున్న, జరగబోయే పనులను తెలిపే రూపాలు అందులో వస్తాయి. అవి కూడా పద్నాలుగే. వాటిని తెలుగు అర్థాలతో ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకున్నాము. షవ్వాల్‌లో అతడు వస్తే సరి. రాకపోతే, ఇన్షా అల్లాహ్, ఆ పరుపుల దుకాణానికి మేమే వెళతాము.