ప్రొవాఁ పట్టణమూ, మన పొగడ్తలూ

ఐరోపాలోని ఏ పాత ఊరికి వెళ్ళివచ్చినా మన యాత్రారచయితలు చివరికి వ్రాసే వాక్యం ఒక్కటే: వాళ్ళకు చరిత్ర అంటే భక్తి, మనకు లేదు. ఉదయం రైలెక్కి సాయంత్రానికి బసకు చేరే యాత్రికుడు ఒక జాతి స్వభావం మీద తీర్పు చెప్పగలగడం ఆశ్చర్యమే. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. వాళ్ళు తరచుగా మెచ్చుకునే ప్రొవాఁ పట్టణాన్నే సాక్షిగా నిలిపి నా వాదం వినిపిస్తాను.

పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషనులో రైలెక్కితే సుమారు గంటన్నరలో ప్రొవాఁ వస్తుంది. దిగువ ఊరు దాటి గుట్ట ఎక్కితే 13వ శతాబ్దపు కోటగోడ, దాని బురుజులు, 12వ శతాబ్దంలో కట్టిన సీజర్ బురుజు (పేరే గాని రోమను సీజరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు), కొయ్యచట్రాల ఇళ్ళు కనిపిస్తాయి. 2001లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందమైన ఊరే, సందేహం లేదు. నా పేచీ అందంతో కాదు, దానికి మనం చెప్పుకునే కారణంతో.

12, 13 శతాబ్దాలలో షాంపేన్ ప్రభువుల ఏలుబడిలో త్రువా, ప్రొవాఁ, లాన్యీ, బార్-సుర్-ఓబ్ అనే నాలుగు ఊళ్ళలో ఏడాదికి ఆరు మహాసంతలు వంతులవారీగా జరిగేవి. ఫ్లాండర్స్ నుండి ఉన్నిబట్టలు, ఇటలీ వర్తకుల ద్వారా సుగంధద్రవ్యాలు, పట్టు అక్కడికి చేరేవి. దారిలో వర్తకుడికి హాని జరగకుండా ప్రభువు అభయమిచ్చేవాడు. ప్రొవాఁ నాణేనికి ఎంత పరపతి ఉండేదంటే, రోము నగరం సైతం దానిని అనుకరించి తన నాణెం ముద్రించుకున్నది.

తరువాత కథ తిరగబడింది. 1277 నుండి జెనోవా ఓడలు జిబ్రాల్టర్ చుట్టి ఉత్తర సముద్రతీరానికి సరుకు చేరవేయసాగాయి. 1284లో షాంపేన్ వారసురాలు జేన్‌ను ఫ్రాన్సు యువరాజు ఫిలిప్ పెండ్లాడడంతో ఆ సీమ రాజవంశపు చేతిలోకి వెళ్ళింది. పెద్ద ఇటాలియను కొఠీలు పారిస్, బ్రూజ్ వంటి నగరాలలో తమ గుమాస్తాలనే నిలిపాయి. 14వ శతాబ్దపు తొలి దశాబ్దాలు గడిచేసరికి సంతలు కళ తప్పాయి. గుట్టమీది సాఁ కిరియాస్ చర్చి అంతకుముందే డబ్బు చాలక అసంపూర్తిగా మిగిలింది. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టాలంటే చేతిలో సొమ్ముండాలి గదా! ప్రొవాఁకు ఆ సొమ్ము లేదు. ఊరిని కాపాడినది మొట్టమొదట ఆ లేమి.

సొమ్మున్నచోట అదే ఫ్రెంచివారు ఏం చేశారో చూడండి. 19వ శతాబ్దంలో ఓస్మాన్ పారిస్‌ను తిరగకట్టినప్పుడు సితే ద్వీపంలోని మధ్యయుగపు వీధులు చాలావరకు నేలమట్టమయ్యాయి. ఒకప్పుడు క్రైస్తవలోకంలోకెల్లా పెద్దదైన క్లూనీ మఠపు చర్చిని విప్లవానంతరం అమ్మివేస్తే, కొన్నవారు దానిని రాళ్ళగనిగా వాడుకున్నారు. ఇప్పుడు మిగిలినది చిన్న ముక్క. రక్తంలోనే చరిత్రభక్తి ఉన్న జాతి చేసే పనులేనా ఇవి?

ఆ విధ్వంసాన్ని చూసి సిగ్గుపడినవారు కొందరు పోరాడారు. 1834లో చారిత్రక కట్టడాల పర్యవేక్షకుడైన రచయిత ప్రోస్పేర్ మెరిమే ఏళ్ళ తరబడి దేశం తిరిగి శిథిలాల లెక్క తీశాడు. 1840లో తొలి జాబితా వెలువడింది. 1913లో గట్టి చట్టం వచ్చింది. రక్షిత కట్టడానికి 500 మీటర్ల పరిధిలో దాని దృశ్యాన్ని చెరిపే మార్పుకు అనుమతి తప్పనిసరి అని 1943 చట్టం నిర్దేశించింది. 1962లో మాల్రో చట్టం పేటలకు పేటలనే రక్షణ కిందికి తెచ్చింది. అంటే ఇంటి యజమాని తన కిటికీని తన ఇష్టప్రకారం మార్చుకోలేడు. భక్తి అని మనం మురిసిపోయేదాని వెనుక ఉన్నవి దస్త్రాలు, తనిఖీలు, ఖజానా సొమ్ము.

ఇంకొక మాట. ఒక్కరోజు యాత్రికుడికి ప్రొవాఁ ఇప్పుడు చూపించేదేమిటి? కవచాలు తొడిగిన వీరుల గుర్రపుస్వారీ, డేగల ప్రదర్శన. కాని యునెస్కో గుర్తించినది సంతల పట్టణాన్ని. దాని అసలు నాయకులు బట్టల బేరగాళ్ళు, సరాఫులు, నేతగాళ్ళు. సరుకు నిలవచేసిన కమానుల నేలమాళిగలలోకి దిగితే ఆ ఊరి నిజమైన చరిత్ర తెలుస్తుంది. రాళ్ళు పదిలంగా ఉన్నాయి సరే, కథ మారిపోయింది. దానిని కూడా 'పదిలపరచడం' అందామా?

షాంపేన్ ప్రభువులు వర్తకులకు అభయమిస్తున్న ఆ 13వ శతాబ్దంలోనే, 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ప్రొవాఁ వెళ్ళిన మిత్రులు ఆ శాసనాన్ని కూడా ఒకసారి చదివి ఉంటే, రెండు ఊళ్ళ మధ్య పోల్చదగినది గోడల ఎత్తు కాదని గ్రహించేవారు.

"మనవాళ్ళకు రాదు" అనే మాట వినడానికి వినయంగా ఉంటుంది గాని, నిజానికి అది చాలా సుఖమైన మాట. లోపం పుట్టుకలోనే ఉంటే ఎవరూ అర్జీ పెట్టనక్కరలేదు, ఏ అధికారినీ నిలదీయనక్కరలేదు. లోపం చట్టంలోనో నిధులలోనో ఉంటే మాత్రం మనకు పని పడుతుంది. కనుక ఇకమీదట ఏ ఊరి గోడ చూసి మురిసినా, దానిని పడగొట్టబోయినది ఎవరు, ఆపినది ఎవరు, ఖర్చు భరించినది ఎవరు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు వ్రాయండి. ఆ జవాబులు లేని పొగడ్త వల్ల ప్రొవాఁకు ఒరిగేదీ లేదు, మోటుపల్లికి దక్కేదీ లేదు.