కణంలోని కావలివారు

మన ఇళ్లలోని స్త్రీలు నోరు విప్పి చెప్పుకోలేని వ్యాధుల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒకటి. దాదాపు ప్రతి సందర్భంలోనూ దీనికి మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఆ వైరస్ కణంలో చేసే పని ఏమిటో తెలిస్తే, దాన్ని ఎక్కడ అడ్డుకోవచ్చో కూడా బోధపడుతుంది. ఈ నెల ఆ విషయాన్ని పరిశీలిద్దాం.

కణం ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఆగాలి అన్నది దాని కేంద్రకంలో నిర్ణయమవుతుంది. అక్కడ కణితులు పుట్టకుండా కాపలా కాసే ప్రొటీన్లలో రెండు ముఖ్యమైనవి. ఆర్‌బీ అనే ప్రొటీన్, విభజనను ప్రారంభించే ఇ2ఎఫ్ ప్రొటీన్లను పట్టి ఉంచుతుంది. తగిన సంకేతం అందితేనే వదులుతుంది. పీ53 అనే ప్రొటీన్, డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు విభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణం తనంతట తానే నశించేలా చేస్తుంది.

హెచ్‌పీవీ తన సంతతిని పెంచుకోవాలంటే, విభజన చెందే కణంలోని సామగ్రి కావాలి. అందుకు దాని ఇ7 ప్రొటీన్ వెళ్లి ఆర్‌బీని అంటుకుంటుంది. ఆర్‌బీ పట్టు సడలి, ఇ2ఎఫ్ విడుదలై, కణం అదుపు తప్పి విభజనకు పూనుకుంటుంది. ఈ అసహజ స్థితిలో పీ53 అడ్డుపడవలసి ఉంది. అయితే వైరస్‌కు చెందిన ఇ6 అనే మరో ప్రొటీన్ ఆ అవకాశం ఇవ్వదు. పనికిరాని ప్రొటీన్లకు గుర్తు వేసి తొలగించే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంటుంది. ఇ6 అందులోని ఒక ఎంజైమును తోడు తెచ్చుకుని, పీ53కి ఆ గుర్తు వేయిస్తుంది. అంటే మన కణం చేతనే మన కావలివాణ్ణి హతమార్పిస్తుంది.

ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాల హెచ్‌పీవీలే కారణం. వాటిని 1983, 1984లలో గుర్తించిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఇందులో ఊరట కలిగించే విషయమూ ఉంది. సోకినవారిలో అత్యధికుల శరీరం ఒకటి రెండేళ్లలోనే ఈ వైరస్‌ను వదిలించుకుంటుంది. అది తిష్ఠ వేసినచోట కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ సుదీర్ఘ వ్యవధే మన అవకాశం. 30 ఏళ్లు దాటిన స్త్రీలు, ఏ బాధా లేకపోయినా, వైద్యురాలి సలహాతో క్రమం తప్పక పరీక్ష చేయించుకోవాలి. క్యాన్సర్‌కు ముందరి మార్పులను అప్పుడే తొలగించవచ్చు.

ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఇచ్చే టీకా వైరస్‌ను ముందే నిలువరిస్తుంది. టీకాలో ఉండేది వైరస్ పైపొరలోని ప్రొటీన్ మాత్రమే. వైరస్ డీఎన్ఏ గాని, ఇ6, ఇ7లు గాని అందులో ఉండవు. టీకా వేయించుకున్నవారికి కూడా తరువాతి కాలంలో పరీక్ష అవసరమే.

ఇంకొక మాట. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా వ్యాపిస్తుంది. అయినా అది కనబడినంత మాత్రాన భార్యాభర్తలు ఒకరినొకరు శంకించుకోరాదు. ఎన్నో ఏళ్ల క్రితం చేరి అణగి ఉన్నది ఇప్పుడు బయటపడవచ్చు. నింద పడుతుందన్న భయంతో పరీక్ష మానుకున్న స్త్రీ, తనకున్న ఆ విలువైన వ్యవధిని కోల్పోతుంది. ఆ భయాన్ని తొలగించవలసిన బాధ్యత ఇంటిల్లిపాదిదీ.