రేడియో మాట బ్రేకుకు వినబడాలి

2012 మే 22 తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్, ఆగమన్న సిగ్నల్ దాటి వచ్చి పెనుకొండ స్టేషన్‌లో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. పాతిక మంది దాకా చనిపోయారు. రైళ్లలో వాకీటాకీలు అప్పటికే ఉన్నాయి. లోకో పైలట్, గార్డు చేతుల్లో 5 వాట్ల సెట్లు, స్టేషన్ మాస్టర్ బల్ల మీద 25 వాట్ల సెట్టు. మీట నొక్కినవారు మాట్లాడతారు, వదిలాక వింటారు; ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఎవరి మాటా తెలియదు. చక్రం దగ్గర పొగ కనబడిందని చెప్పడానికి, గేటు దగ్గర చిక్కు వచ్చిందని హెచ్చరించడానికి ఆ సెట్టు ఎంతో మేలు. కానీ ప్రమాదాన్ని ముందు ఎవరో ఒకరు గమనిస్తేనే అది పలుకుతుంది. ఎవరూ గమనించని ఆ కొన్ని సెకన్లలో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే రైల్వే రేడియో మనిషి చెవి దగ్గరే ఆగకూడదు. 'కవచ్' ఆ లోటు తీర్చడానికే వచ్చింది. స్లీపర్ల మీద బిగించిన చిన్న ట్యాగులను చదివి ఇంజను తానెక్కడుందో తెలుసుకుంటుంది. ముందున్న సిగ్నల్ ఎర్రగా ఉందో పచ్చగా ఉందో స్టేషన్‌లోని యంత్రం రేడియోలో దానికి చెబుతుంది. పైలట్ వేగం తగ్గించకపోతే బ్రేకు తనంతట తానే పడుతుంది. ఇది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో పరీక్షలకు నిలిచి, 2020లో జాతీయ వ్యవస్థగా ఎంపికైంది. అయినా 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర, కవచ్ లేని లైనులో, ఒక ప్యాసింజర్ వెనక నుంచి మరోదాన్ని గుద్దింది. పెనుకొండ తర్వాత పదకొండేళ్లకు కూడా అదే కథ.

ఖర్చు భారీ అంటారు. పట్టాల వెంట కిలోమీటరుకు సుమారు 50 లక్షలు, ఇంజనుకు 80 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంటే వంద కిలోమీటర్ల పట్టాలకు 50 కోట్లు. ఒక్క రాత్రిలో పోయిన పాతిక ప్రాణాల పక్కన పెట్టి చూస్తే ఇది మోయలేని బరువు కాదు. బాలాసోర్ రైలు ప్రమాదంలో తప్పు సిగ్నల్ వైరింగులో ఉంది, అక్కడ కవచ్ ఏం చేసేదన్న ప్రశ్న న్యాయమైనదే. సిగ్నలే అబద్ధం చెబితే రేడియో ఆ అబద్ధాన్నే మోస్తుంది. సిగ్నలింగ్ నిర్వహణ విడిగా బాగుపడాలి. ముందు పైలట్లకు విశ్రాంతి ఇవ్వండనే మాటా నిజమే, ఇవ్వాల్సిందే. అయితే రాత్రి మూడు గంటలప్పుడు కన్ను మూతపడటం విశ్రాంతి దొరికిన మనిషికీ జరుగుతుంది.

రద్దీ మార్గాలకే మొదటి పీట అన్న లెక్క మాత్రం మన ధర్మవరం వైపు కుదరదు. ధర్మవరం గుంతకల్లు డివిజన్‌లో ఉంది. అదే దారిలోని పెనుకొండ, హిందూపురం మరో జోన్ అయిన నైరుతి రైల్వేలోని బెంగళూరు డివిజన్‌వి. ఒకవైపు కవచ్ ఉండి మరోవైపు లేకపోతే సరిహద్దు దాటిన ఇంజనుకు ఏమీ వినబడదు. ఇక ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల వెళ్లేది సింగిల్ లైన్. ఎదురు రైలు కోసం లూపులో ఆగాల్సిన బండి ఆగకపోతే రెండూ ఎదురెదురుగా వచ్చేది ఒకే పట్టా మీద. బళ్లు తక్కువన్న కారణంతో కదిరిని జాబితా చివర పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. రెండు జోన్లూ కలిసి ధర్మవరం, పెనుకొండ–హిందూపురం, కదిరి వైపులకు ఒకే గడువు ప్రకటించాలి.