చిన్న చిత్రములు – పెద్ద బహుమతులు

2023 మార్చి 12వ తేది రాత్రి లాస్ ఏంజిల్సు నగరమున అమెరికా చలనచిత్ర అకాడమీవారి బహుమతి ప్రదానోత్సవము జరుగుచుండగా, మన దేశమున అప్పటికి సోమవారము తెల్లవారినది. కీరవాణిగారు స్వరపరచి, చంద్రబోసుగారు రచించిన 'నాటు నాటు' పాటకు ఆస్కారు బహుమతి లభించినదన్న వార్త విని తెలుగువారందరు సంతోషించిరి. సంతోషింపదగినదే. తెలుగు పాటకు అట్టి గౌరవము మున్నెన్నడును కలుగలేదు. కాని ఆ సభలోనే భారతదేశమునుండి వెళ్లిన మరి రెండు చిన్న చిత్రములు పోటీలో నిలిచియుండెను. నీలగిరుల దాపున ముదుమలై అడవిలో, తల్లిని కోల్పోయిన ఏనుగు పిల్లలను పెంచిన బొమ్మన్, బెళ్లి దంపతుల కథ చెప్పు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' ఒకటి. ఢిల్లీ నగరపు మురికి గాలిలోనుండి రాలిపడు గద్దలకు చికిత్స చేయు అన్నదమ్ముల కథ చెప్పు 'ఆల్ దట్ బ్రీద్స్' రెండవది. మొదటిదానికి బహుమతి వచ్చినది. రెండవదానికి రాలేదు. ఆ పాట తెలియని తెలుగు పిల్లవాడు లేడు. ఆ రెండు చిత్రములను చూచిన తెలుగువారెందరు?

ఎవరినో నిందించుటకు వేసిన ప్రశ్న కాదిది. ఏటేట చలికాలము వచ్చుసరికి ఏ చిత్రమునకు ఏ బహుమతి రాగలదను చర్చ లోకమంతట సాగుచుండును. స్వతంత్ర చిత్రములకును, డాక్యుమెంటరీలకును ఈ పోటీలలో గల అవకాశము లెట్టివి అనుట ఆ చర్చలో ఒక భాగము. దానికంటె ముఖ్యముగా మాకు తోచునది వేరొకటి కలదు. బహుమతి పొందిన చిత్రము తిరిగి సొంత యింటికి చేరుచున్నదా? మొదటి విషయమును విచారించి, పిమ్మట రెండవదానికి వచ్చెదము.

స్వతంత్ర చిత్రమనగా పెద్ద స్టూడియోల పెట్టుబడిగాని, తారల ఆకర్షణగాని, పంపిణీదారుల అడ్వాన్సుగాని లేక, దర్శకుడు తాను నమ్మిన కథను తనకు తోచిన తీరున తీసిన చిత్రము. డాక్యుమెంటరీ నిజమైన మనుష్యులను, వారి నిజమైన బ్రతుకును చూపునది. రెండింటికిని ధనము తక్కువ, పట్టు కాలము ఎక్కువ. ఇట్టి చిత్రములను గౌరవించుట మనకు క్రొత్త కాదు. కేంద్ర ప్రభుత్వము 1954లో మొట్టమొదటిసారి చలనచిత్ర బహుమతులను ప్రకటించినప్పుడు, కథాచిత్రములలో మరాఠీ 'శ్యామ్‌చీ ఆయీ'కి స్వర్ణపతక మిచ్చినట్లే, డాక్యుమెంటరీలలో 'మహాబలిపురము'నకును స్వర్ణపతక మిచ్చినది. ఆ రెండు కళలకును సమానమైన పీట వేసిన పెద్దల చూపు మెచ్చదగినది.

మరుసటి సంవత్సరమున 'పథేర్ పాంచాలి' వచ్చినది. డబ్బు లేక పలుమార్లు ఆగిపోయిన ఆ చిత్రము పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ఆదుకొనుటచే పూర్తియైనది. 1955లో న్యూయార్కునందలి ఆధునిక కళా మ్యూజియములో ప్రదర్శింపబడి, 1956లో కాన్ చిత్రోత్సవమున మానవ జీవిత చిత్రణమునకై ప్రత్యేక బహుమతిని గడించినది. అటుపిమ్మట 1988లో మీరా నాయర్ బొంబాయి వీథిపిల్లలనే నటులుగా పెట్టి తీసిన 'సలాం బాంబే' కాన్‌లో తొలి చిత్ర దర్శకుల కిచ్చు బహుమతిని పొంది, ఆస్కారు తుది జాబితాకు చేరినది. 2025 వరకు ఆ విభాగమున తుది అయిదింటిలో నిలిచిన భారతీయ చిత్రములు మూడే. మిగిలిన రెండు 'మదర్ ఇండియా', 'లగాన్'. మూడింటిలో ఒకటి ఇట్టి చిన్న చిత్రమే యగుట గమనింపదగినది.

ఆస్కారునకు పోవు దారిలో వాకిళ్లు పెక్కు. సాధారణ కథాచిత్రము లాస్ ఏంజిల్సు, న్యూయార్కు మొదలగు ఆరు అమెరికా నగర ప్రాంతములలో ఏదేని యొకచోట సినిమాహాలులో వరుసగా ఏడు దినములు ఆడవలెను. డాక్యుమెంటరీకి ఇది యొక మార్గము. అకాడమీ గుర్తించిన చిత్రోత్సవములలో బహుమతి గెలుచుట మరొక మార్గము. హాలు అద్దెకు డబ్బు లేనివానికి ఈ రెండవది దొడ్డివాకిలి వలె ఉపకరించును. ఇక ఆంగ్లేతర భాషా చిత్రముల విభాగమునకు ఒక్కొక్క దేశము తన పక్షమున ఒక్క చిత్రమునే పంపగలదు. మన పక్షమున దానిని ఎన్నుకొనునది ఫిలిం ఫెడరేషన్ ఆఫ్ ఇండియా.

2022లో ఆ సంస్థ 'ఆర్.ఆర్.ఆర్.'ను కాక, సౌరాష్ట్రలోని యొక పల్లెటూరి పిల్లవాని సినిమా పిచ్చిని గూర్చిన గుజరాతీ చిత్రము 'ఛెల్లో షో'ను పంపినది. తెలుగువారికి కష్టము తోచినది. కాని ఆ చిన్న చిత్రము తుది పదునైదింటివరకు పోగలిగినది. మన పాట వేరొక ద్వారమున పోయి గెలిచినది. 2024లో కథ మరొక తీరున నడిచినది. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' కాన్‌లో ద్వితీయ మహా పురస్కారమగు గ్రాండ్ ప్రీని గెలిచినది. ముప్పది సంవత్సరముల తర్వాత ఆ ఉత్సవపు ప్రధాన పోటీలో నిలిచిన భారతీయ చిత్రమది. ఐనను మన సంఘము 'లాపతా లేడీస్'ను ఎన్నుకొనెను. అది పదునైదింటిలో చేరలేదు. ఈ ఎంపిక తప్పా, ఒప్పా యని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇన్ని భాషల దేశమునకు ఒక్క కుర్చీ వేసినచో, కూర్చుండువానికంటె నిలువబడువారే ఎక్కువగుదురు.

ఇట్టి అడ్డంకులున్నను, ఆశకు తావు లేకపోలేదు. 2025 మార్చిలో ఉత్తమ చిత్రముతో కలిపి అయిదు ఆస్కారులను గెలిచిన 'అనోరా'కు ఐన వ్యయము సుమారు 60 లక్షల డాలర్లు మాత్రమే. హాలీవుడ్డులో అది చిల్లర క్రింద లెక్క. ఒక్క మాటయు లేని 'ఫ్లో' అను పిల్లికథను, ఎవరికైనను ఉచితముగా దొరకు బ్లెండర్ సాఫ్ట్‌వేరుతో చిత్రించి, లాట్వియా అను చిన్న దేశపు దర్శకుడు యానిమేషన్ బహుమతిని గైకొనెను. పాలస్తీనా, ఇజ్రాయేలులకు చెందిన నలుగురు కలిసి తీసిన 'నో అదర్ లాండ్'కు అమెరికాలో పంపిణీదారుడే దొరకలేదు. ఐనను ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి దానికే వచ్చినది.

వీనిని చూచి ధనము అక్కరలేదనుకొనుట మాత్రము పొరపాటగును. అకాడమీలో ఓటు గలవారు దాదాపు 10,000 మంది. చూడని చిత్రమునకు ఓటు పడదు. వారిచే చూపించుటకు ప్రదర్శనలు, ప్రకటనలు, ప్రయాణములు కావలెను. 'ఎలిఫెంట్ విస్పరర్స్' వెనుక నెట్‌ఫ్లిక్స్ సంస్థయు, 'ఆల్ దట్ బ్రీద్స్' వెనుక హెచ్.బి.ఓ. సంస్థయు నిలిచినవి. చిత్రము తీయునప్పుడు ఒంటరిగా నున్న దర్శకుడు, పోటీకి పోవునప్పుడు ఎవరో యొక శ్రీమంతుని బండి ఎక్కక తప్పుటలేదు. ఒక విభాగములోని చిత్రము లన్నిటిని చూచినవారే తుది ఓటు వేయవలెనని అకాడమీ 2025లో నియమము చేసినది. చిన్న చిత్రములకు ఇది మేలైన నియమము. కాని ఆ తుది అయిదింటిలో చేరువరకు పడవలసిన పాట్లు ఎప్పటివలెనే యున్నవి.

ఇక మన యింటి సంగతి. బ్రిటను దేశము తన పక్షమున పంపిన 'సంతోష్' హిందీ చిత్రము. ఉత్తర భారతమున జరుగు కథ. అది ఆస్కారు పదునైదింటిలో చేరినను, మన దేశమున 2025లో సెన్సారు అనుమతి పొందలేక ఆగిపోయినది. మంచి చెడ్డలు చెప్పుటకైనను ముందు చూడవలెను గదా! కాన్ గెలిచిన పాయల్ కపాడియా చిత్రమును మన దేశపు హాళ్లకు తెచ్చినది తెలుగువాడైన రానా దగ్గుబాటి సంస్థ యనుట మనకు కొంత ఊరట. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'కు అండగా నిలిచినదియు ఆయనయే. విశాఖపట్టణమునందలి ఆ పేటవాసులే పెక్కుమంది నటించిన ఆ చిత్రమును ప్రేక్షకులు ఆదరించిరి. కాని నిర్మాతకు అమెరికా పౌరసత్వ ముండుటచే అది జాతీయ బహుమతుల పరిశీలనకే అర్హము కాకపోయెను. బహుమతి లేకున్నను అది బ్రతికినది. చూచినవారు ఉండుటచేత బ్రతికినది.

దీనికి ఎదురుగా 'దాసి'ని తలంచుడు. తెలంగాణపు గడీలలో నలిగిన స్త్రీ జీవితమును బి. నరసింగరావుగారు 1988లో చిత్రముగా తీసిరి. ఉత్తమ తెలుగు చిత్రము, ఉత్తమ నటి, ఛాయాగ్రహణము, కళ, వేషధారణ అను అయిదింట జాతీయ బహుమతులు వచ్చినవి. కళా దర్శకత్వమునకు బహుమతి నందినవారు చిత్రకారులు తోట వైకుంఠముగారు. ఒక తెలుగు చిత్రమునకు ఇంతకంటె గౌరవ మేమి కావలెను? ఐనను మా తరగతులలో ఆ చిత్రము పేరు చెప్పినప్పుడు తలయూపు విద్యార్థులు ఒక చేతి వ్రేళ్లకు మించరు. వారి తప్పు కాదు. చూపించినవారు లేరు.

ఇట్టి చిత్రములను గూర్చి ఒక ఆక్షేపణ బహుకాలముగా వినవచ్చుచున్నది. ఇవి మన దారిద్ర్యమును విదేశీయులకు అమ్ముకొనునవి అని. 1980లో ప్రసిద్ధనటి నర్గీసు రాజ్యసభ సభ్యురాలిగా సత్యజిత్ రాయ్‌పై ఈ నిందయే మోపినది. బహుమతులను లెక్కించి కథలను ఎన్నుకొను దర్శకులు లేరని మేమనము. కాని పరదేశి యేమనుకొనునో యని జంకుట సరియైన కొలత కాదు. చిత్రములో కనిపించినవారికి ఆ చిత్రము న్యాయముగా తోచినదా? అదియే కొలత. 2022లో ఆస్కారు తుది జాబితాకు చేరిన 'రైటింగ్ విత్ ఫైర్', బుందేల్‌ఖండునందు స్త్రీలు నడుపు 'ఖబర్ లహరియా' పత్రిక కథ. ఉత్సవమునకు కొలదిదినముల ముందు ఆ పత్రికవారే, చిత్రము హృద్యముగా నున్నను, తమ పని ఒక్క రాజకీయ పక్షమును గూర్చి వ్రాయుటయే యన్నట్లు చూపుట సరికాదని ప్రకటించిరి. ఎవరి మాట ఎంత నిజమో తెలిసికొనవలె నన్నచో మనమే చూచి విచారింపవలెను. సొంత దేశపు ప్రేక్షకుడు లేనిచోట ఆ విచారణ జరుగదు. బహుమతి ఇచ్చిన పరాయివాని మాటయే మిగులును.

కావున మా కోరికలు రెండు మూడు కలవు. అవి పెద్దవి కావు. ఆంధ్రప్రదేశమున నంది బహుమతులలో డాక్యుమెంటరీలకు వేరుగా స్థానముండెడిది. తెలంగాణ ప్రభుత్వము 2025లో గద్దరు పేర బహుమతుల నిచ్చుట ఆరంభించినది. ఏ ప్రభుత్వము బహుమతి యిచ్చినను, దానితోపాటు ఆ చిత్రమును జిల్లా కేంద్రములందు ప్రదర్శించు బాధ్యతను కూడ తీసికొనవలెను. పతకము పెట్టెలో ఉండును. ప్రదర్శన జనములో ఉండును. రెండవది, కళాశాలలు నెలకొక చిన్న చిత్రమును, దర్శకుల అనుమతితో, విద్యార్థులకు చూపి చర్చ జరుపవలెను. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, మిత్రులు కలిసి స్థాపించిన ఫిలిం సొసైటీకి ఒక ప్రొజెక్టరు, కొందరు ఉత్సాహవంతులు ఉన్న చాలినది. నేడు మన తరగతి గదులలో తెరయు, యంత్రమును సిద్ధముగా నున్నవి. మూడవది మా వంటివారికే చెప్పుకొనవలసినది. పుస్తకములకు చేయు సమీక్షవలె డాక్యుమెంటరీలకు కూడ సాహిత్యపుటలలో సమీక్షలు రావలెను. ఒక కథను, నవలను తూచి చూచు కలము ఒక డాక్యుమెంటరీని తూచలేకపోదు.

ఈ యేడు ఎవరికి బహుమతి వచ్చునో మేము జోస్యము చెప్పజాలము. ధనము, ఎంపిక సంఘములు, అదృష్టము అను మూడింటిపై ఆధారపడిన సంగతి యది. కాని రాబోవు సంవత్సరమున ఏ తెలుగు దర్శకుడో, దర్శకురాలో అప్పు చేసి, ఉద్యోగము మాని, ఒక పల్లెలో రెండేండ్లు గడిపి తెచ్చిన చిత్రమును మన పట్టణములో వేసినప్పుడు, హాలులో కుర్చీలు ఖాళీగా ఉండవలెనా, నిండవలెనా యనుట మాత్రము మన చేతిలోని పని. ఆ వార్త కనబడిన ఆదివారమున పాఠకులు ఇంటిల్లిపాదితో వెళ్లి చూడగలరని ఆశించుచున్నాము.