దయచేసి బాగుచెయ్యకండి

"ఇంత డబ్బున్న దేశం, ఈ కోటని బాగుచేయించుకోలేకపోయిందా?"

హైడెల్‌బర్గ్ కోట ఆవరణలో నిలబడి మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. అప్పటికి నేను ఆ పక్కనే వాల్డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ రెండేళ్ళయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఆ కొండెక్కించడం నా వారాంతపు డ్యూటీ. చాలామంది కింద నెకర్ నదినీ, పాతఊరి ఎర్రపెంకుల కప్పుల్నీ చూసి "ఎంత రొమాంటిక్‌గా ఉందో!" అంటారు. కాస్త పెద్దవాళ్ళయితే నాన్నలాగా అడుగుతారు. నాకు ఈ రెండు మాటలతోనూ తగువుంది.

ముందు రొమాంటిక్ సంగతి. ఆ కోట వయసైపోయి కూలలేదు. దాన్ని కూల్చారు. అక్కడి పాలకుడు కార్ల్ 1685లో పిల్లల్లేకుండా చనిపోయాడు. అతని చెల్లెలు లీజెలోటె ఫ్రాన్స్ రాజు పధ్నాలుగో లూయీకి మరదలు, అంటే తమ్ముడి భార్య. ఆమె అడగకుండానే, ఆమె పేరు చెప్పి, ఆమె వాటా కావాలంటూ లూయీ సైన్యాన్ని పంపాడు. 1689లో కోటని తగలబెట్టారు. అది చాలక 1693లో మళ్ళీ వచ్చి మందుపాతరలు పెట్టి పేల్చారు. కింద ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. 1592లో ఒక బట్టల వ్యాపారి కట్టుకున్న రాతి ఇల్లు మాత్రం మిగిలింది, ఇప్పుడది హోటలు. పుట్టింటిని తన పేరు మీదే నాశనం చేస్తుంటే ఆ లీజెలోటె వెర్సాయ్‌లో కూర్చుని ఏడుస్తూ ఉత్తరాలు రాసుకుంది.

కోటలో ఒక బురుజుంది. గోడ మందం ఆరు మీటర్ల పైచిలుకు. పేలుడుకి అది ముక్కలైపోలేదు. పుచ్చకాయని కోసినట్టు సగం విడిపోయి, ఆ సగం సగంగానే జారి కందకంలో కూర్చుంది, మూడొందల ఏళ్ళ పైగా అక్కడే ఉంది. అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. నేనూ దిగాను, కాబట్టి ఎవర్నీ అనలేను. కానీ ఏటా వేసవిలో మూడు రాత్రులు కోటంతా ఎర్రటి మంటల వెలుగులో మెరిపించి, తర్వాత బాణాసంచా కాలుస్తారు. ఆ ఎరుపు కోట తగలబడినదానికి గుర్తు. మొదటిసారి చూసినప్పుడు జనం చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. రెండోసారి నేనూ బీరు పట్టుకుని వెళ్ళాను. అలవాటు అలాంటిది.

ఇక అసలు తగువు, నాన్న ప్రశ్న.

ఊరివాళ్ళు ఊరిని మళ్ళీ కట్టుకున్నారు. ఇప్పుడు మనం చూసి మురిసిపోయే 'పాతఊరు' చాలావరకు ఆ దహనం తర్వాత కట్టిందే. వీధులు పాతవి, ఇళ్ళు కొత్తవి. కోట మాత్రం ఆగిపోయింది. 1720లో పాలకుడు మతం గొడవల్లో ఊరివాళ్ళ మీద అలిగి రాజధానిని మాన్‌హైమ్‌కి మార్చేశాడు. తర్వాతెప్పుడో తిరిగొద్దామనుకుంటుంటే 1764లో పిడుగుపడి మిగిలింది కాస్తా కాలిపోయింది. ఆ తర్వాత రాళ్ళకి రాళ్ళు, ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపోయారు. ఇదెక్కడో విన్నట్టు లేదూ? మన ఊళ్ళల్లో కోటగోడల రాళ్ళు ఎవరెవరి అరుగుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు.

ఆ దోపిడీని ఆపింది 1810లో వచ్చిన గ్రాంబెర్గ్ అనే మనిషి. విప్లవం దెబ్బకి ఇల్లొదిలిన ఫ్రెంచి ప్రభువుల కుటుంబంవాడు. ఫ్రెంచి సైన్యం పేల్చిన కోటకి ఒక ఫ్రెంచివాడు జీతం లేని కాపలాదారు! ఆ కోటలోనే కాపురం పెట్టి, 1822 దాకా రాళ్ళెత్తుకెళ్ళేవాళ్ళని అడ్డుకున్నాడు. గోడ గోడకీ బొమ్మలు గీయించి, అచ్చువేయించి, ఐరోపా అంతా తెలిసేలా చేశాడు. ఒక్క గోడని కూడా కొత్తగా కట్టలేదు.

కట్టాలన్న సరదా తర్వాతి తరానికి పుట్టింది. జర్మనీ ఒక్క దేశమైంది, డబ్బొచ్చింది, ఫ్రాన్స్ మీద పగ ఉంది. కార్ల్ షేఫర్ అనే ఆర్కిటెక్టు ఫ్రీడ్రిష్ భవనాన్ని 1900 నాటికి నిగనిగలాడేలా చేసి అప్పజెప్పాడు. లోపలికెళ్ళి చూడండి, రాజుల కాలం కనిపించదు, షేఫర్ కాలం కనిపిస్తుంది. ఆ ఊపులో పక్కనున్న ఒట్‌హైన్‌రిష్ భవనాన్ని కూడా కట్టేస్తానన్నాడు. అది 1556లో మొదలైన కట్టడం. ముందుగోడ మాత్రం నిలబడి ఉంది. గూళ్ళలో శాంసన్, హెర్క్యులిస్, డేవిడ్, పైన గ్రహదేవతలు, కిటికీల్లోంచి ఆకాశం. దాని పైకప్పు ఎలా ఉండేదన్న దాని మీదే పండితులకి ఏకాభిప్రాయం లేదు. అయినా కట్టేస్తాడట.

1901లో గేయోర్గ్ దేహియో అనే కళాచరిత్ర ప్రొఫెసరు ఒక చిన్న పుస్తకం రాసి ఈ ఆలోచనని ఉతికి ఆరేశాడు. ఆయన చెప్పింది సూటిగా ఇదీ: ఉన్నదాన్ని కాపాడండి, లేనిదాన్ని పుట్టించకండి. పోయింది పోయింది. దాని స్థానంలో మీరు పెట్టేది మీ ఊహ, దానికి పాతదాని పేరు పెడతారు. వాదన ఏళ్ళ తరబడి నడిచింది. ఒట్‌హైన్‌రిష్ భవనానికి ఈ రోజుకీ కప్పు లేదు.

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. పాత రిపాజిటరీలో ఎవడో పెట్టిన వింత 'ఇఫ్' కండిషన్ చూసి చిరాకుపడి శుభ్రం చేసినవాడికి తెలుస్తుంది, ఆ వింత వెనక ఒక రాత్రంతా జరిగిన ఏదో ప్రమాదం ఉందని. హిస్టరీ చెరిపి పైన కొత్తది రుద్దడం కోడ్‌లో నేరం. గోడల విషయంలో మాత్రం దాన్ని 'అభివృద్ధి' అంటాం.

వార్సా సంగతేంటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాజీలు నేలమట్టం చేసిన పాతఊరిని మళ్ళీ కట్టారు, యునెస్కో 1980లో వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ అక్కడ కట్టుకున్నది ఆ వీధుల్లో బతికిన మనుషులు, కళ్ళముందు పోయిన ఇళ్ళని. రెండొందల ఏళ్ళ తర్వాత ఎవరికీ గుర్తులేని కప్పుని ఊహించి పెట్టడం వేరు. ఈ కోట పాలకుల పేరు మోసిన గ్రంథాలయం చూడండి. 1623లో యుద్ధపు దోపిడీ సొత్తుగా రోమ్‌కి పోయింది. రాతప్రతుల్లో చాలాభాగం ఇప్పటికీ వాటికన్‌లోనే ఉన్నాయి. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. చిరిగిన పేజీ చిరిగినట్టే కనిపిస్తుంది. బాగుచెయ్యడమంటే నాకు తెలిసి అది.

ఇవన్నీ ఆ రోజు నాన్నకి చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను, కారణముంది. ఆరేళ్ళ కింద మా ఊళ్ళో గుడిని 'జీర్ణోద్ధరణ' చేశారు. గర్భగుడి బయటి గోడ మీద పాతలిపిలో నాలుగు వరుసల శాసనం ఉండేది. చిన్నప్పుడు ఆ అక్షరాల గాట్లలో వేలు పెట్టి తిప్పేవాణ్ణి. ఎవరూ చదవలేదు, ఎవరూ నకలు తీయలేదు. ఇప్పుడక్కడ నిగనిగలాడే టైల్స్. పక్కనే పాలరాతి పలక, దాని మీద దాతల పేర్లు. మూడోది మా నాన్నది. ఆ డబ్బు పంపింది నేను. టైల్స్ ఫొటో వాట్సాప్‌లో వస్తే దండం బొమ్మ పెట్టింది కూడా నేనే.

నాన్న ఏమీ మాట్లాడలేదు. కిందికి దిగేటప్పుడు, ఆ విడిపోయిన బురుజు దగ్గర ఆగి చాలాసేపు చూశాడు.

"మన గుడిగోడకి ఆ టైల్స్ ఊడదీస్తే కింద అక్షరాలు ఉంటాయంటావా?"

"సిమెంటు పట్టాలని ముందు రాయికి ఉలితో గాట్లు పెడతారు నాన్నా."