ముట్టుకోలేదు కదమ్మా!

ఒంటరిగా వెళ్లొద్దు. చీకటి పడేలోపు ఇల్లు చేరు. ఆటో ఎక్కితే నెంబరు ఫొటో తీసి పంపు. ఫోన్లో చార్జింగ్ ఉంచుకో. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవకు. బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టుకో. ఎవరైనా వెంటపడితే మనుషులున్న చోటికి వెళ్లు.

ఇవన్నీ మన ఆడపిల్లలకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. ఆ చివరి మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులున్న చోటికి వెళ్లాలట! వెళ్లింది సరే, ఆ మనుషులు ఏం చేయాలో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? పోలీసుల కరపత్రంలో ఉందా? కాలేజీల్లో పెట్టే అవగాహన సదస్సుల్లో ఉందా? జాగ్రత్త చెప్పడం వరకే మన వంతు, పడటం అంతా పిల్ల వంతు.

మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తోంది. రెండో షిఫ్టు పడితే హైదరాబాద్ శివార్లలో మా కాలనీ స్టాపులో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అక్కణ్నుంచి ఇంటికి నడిచే దూరమే. మొన్న వానాకాలంలో ఒక రాత్రి బైకు మీద ఇద్దరు వెంటపడ్డారు. ముందుకెళ్లి ఆగుతారు, ఈ పిల్ల దగ్గరికి రాగానే మళ్లీ కదులుతారు. ఒకడు డ్రాప్ చేయమంటావా అంటాడు, ఇంకొకడు ఇక్కడ రాయలేని మాట అంటాడు. పిల్ల పరిగెత్తలేదు. పరిగెత్తితే భయపడిందని తెలిసిపోతుందని దాని లెక్క. మేం నేర్పినట్టే, లైట్లు వెలుగుతున్న మెడికల్ షాపులోకి నడిచింది.

షాపాయన గల్లాపెట్టె ముందు కూచుని నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. "అంకుల్, బయట ఇద్దరు వెంటపడుతున్నారు. మా బాబాయ్ వచ్చేదాకా ఇక్కడ నిలబడతాను" అంది. ఆయన తలెత్తి చూశాడు. బైకు కనబడింది, దాని మీద వాళ్లూ కనబడ్డారు. లేచి పిల్లను మెట్ల మీదికి పంపి షట్టరు సగానికి దించాడు. "క్లోజింగ్ టైమమ్మా, తర్వాత మాకు గొడవలు" అన్నాడు. ఆ షాపు బోర్డు మీద 'రాత్రి 11 వరకు' అని ఎర్రక్షరాలతో రాసుంది. పక్కనే పాన్ డబ్బా దగ్గర ముగ్గురు నిలబడి ఇదంతా చూస్తున్నారు. మా ఆయన స్కూటర్ మీద వెళ్లేసరికి పిల్ల ఆ మెట్ల మీదే, చేతిలో ఇంటి తాళంచెవి గట్టిగా పట్టుకుని నిలబడి ఉందట. బైకు వాళ్లు మాత్రం ఏ తొందరా లేకుండా, సిగరెట్ పూర్తిగా కాల్చి పారేసి మరీ వెళ్లారు.

పరిగెత్తాల్సిన అవసరం వాళ్లకేముంది? ఆ వీధి ఎవరి పక్షమో వాళ్లకు తెలుసు.

మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. టేబుల్ వెనకాల ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కుర్చీ కూడా చూపించాడు.

"ముట్టుకున్నారా అమ్మా?"

"లేదు సార్."

"గొలుసు, ఫోను ఏమైనా లాక్కున్నారా?"

"లేదు."

"బండి నెంబరు?"

"ప్లేటు మీద బురద పూసి ఉంది సార్."

"ముట్టుకోలేదు కదమ్మా! మరి ఏమని రాయమంటారు? అయినా ఆ రోడ్డుకి అటు పక్కంతా వేరే స్టేషన్ పరిధి."

నెంబరు ప్లేటుకు బురద పూసుకుని తిరుగుతున్నవాళ్లు ఏ పని మీద తిరుగుతున్నారో తెలుసుకోవాలని ఆయనకు అనిపించలేదు.

ఏమని రాయాలో చట్టంలో రాసే ఉంది. 2012 ఢిల్లీ బస్సు అత్యాచార ఘోరం తర్వాత 2013లో వెంటపడటాన్ని విడిగా నేరం చేశారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. ఆడవాళ్లను అవమానించే మాటలకు, సైగలకు 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా శిక్ష పడుతుంది. ఈ 79 కిందకి వచ్చే ఫిర్యాదు తీసుకోని పోలీసు ఉద్యోగికే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన కారాగారం వేయొచ్చని 199వ సెక్షన్ చెబుతోంది. ఇక పరిధి సంగతి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 173వ సెక్షన్‌గానే పెట్టారు. ఇవన్నీ నేను ఇంటికొచ్చి చదువుకున్నవి. ఆ కుర్చీలో కూచున్నాయన ఉద్యోగానికి ముందే చదివి ఉండాల్సినవి.

పరిధి అన్న మాట వింటే ఈ రాష్ట్రంలో ఎవరికైనా కడుపులో దేవాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన ఏం జరిగిందో మనం మరిచిపోయామా? స్కూటీ టైరులో గాలి పోయిన ఒక పశువైద్యురాలు, చుట్టూ ఉన్న లారీల వాళ్లను చూస్తే భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. తర్వాత ఆ ఫోన్ మూగబోయింది. ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి పరిగెత్తితే మీది మా పరిధి కాదు, అటు వెళ్లండి అని తిప్పారు. ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని తర్వాత సస్పెండ్ చేశారు. ఆమె తెల్లారేసరికి చటాన్‌పల్లి వంతెన కింద బూడిదై ఉంది.

తర్వాత పెద్దవాళ్లు ఏమన్నారో కూడా గుర్తుంచుకుందాం. అంత చదువుకున్నమ్మాయి చెల్లెలికి బదులు 100కి ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నారు. ఆర్టీసీలో ఆడ కండక్టర్ల డ్యూటీ రాత్రి ఎనిమిది లోపు అయిపోయేలా చూడమని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. పోలీసులు ఆడవాళ్లకు మళ్లీ ఒక జాగ్రత్తల జాబితా విడుదల చేశారు. చచ్చిపోయింది ఆడపిల్ల, తప్పు చేసింది మగాళ్లు, ఇంటికి పొమ్మన్నది మాత్రం ఆడ కండక్టర్లను! లారీల అడ్డాల మీద నిఘా పెట్టండి, టోల్‌గేట్ల దగ్గర లైట్లు వేయండి, ఎనిమిది తర్వాత మగాళ్లనే ఇళ్లలో ఉండమనండి అని వాళ్ల నోట నేను వినలేదు. ఆఖరిది వినగానే నవ్వొచ్చింది కదూ? ఆడవాళ్లను ఉండమన్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. అదే వంతెన దగ్గర జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. నాకు ఆ నలుగురి మీద జాలి లేదు. నా కోపం ఆ పూల మీద. కేసు రాసుకోవడానికి అటూ ఇటూ తిప్పినందుకు ఎవరూ గల్లా పట్టుకుని అడగలేదు గానీ, పదిరోజులు తిరక్కుండా పూలబుట్టలు మాత్రం వచ్చేశాయి. పూలు చల్లేశాం, మన బాధ్యత తీరిపోయింది, ఇక ఇళ్లకు పోవచ్చు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అదే నెలలో 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదమే దొరకలేదు. 2020 ఫిబ్రవరిలో దిశ యాప్ వచ్చింది. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచే షీ టీమ్స్ ఉన్నాయి, ప్రయాణంలో ఉన్న ఆడవాళ్ల కోసం 2024లో టీ-సేఫ్ కూడా వచ్చింది. వద్దని అనను. షీ టీమ్స్ మఫ్టీలో బస్టాండ్లలో నిలబడి పోకిరీలను పట్టుకున్న సందర్భాలు బోలెడు. అయితే యాప్ మీట నొక్కాక పోలీసు బండి వచ్చేదాకా ఆ పది నిమిషాలు ఆ పిల్ల ఎక్కడ నిలబడాలి? మెడికల్ షాపు మెట్ల మీదా?

ఆ పది నిమిషాలు మనవి. నువ్వూ నేనూ, షాపాయన, ఆటో అతను, పాన్ డబ్బా దగ్గర నిలబడ్డ ముగ్గురూ ఉన్న పది నిమిషాలు.

వాటిని మనం ఏం చేస్తామో 2017 అక్టోబరులో విశాఖపట్నం చూపించింది. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, పట్టపగలు, ఫుట్‌పాత్ మీద తాగినవాడొకడు ఒక నిరుపేద స్త్రీ మీద అత్యాచారం చేశాడు. అడవిలో కాదు, అర్ధరాత్రి కాదు. జనం ఆ పక్కనుంచే నడిచి వెళ్లారు. ఒక ఆటో డ్రైవరు ఫోన్లో వీడియో తీశాడు. ఆ వీడియో వల్లే పోలీసులకు నిందితుడు దొరికాడు కాబట్టి అతన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాదు, అంతమందిలో ఏదో ఒకటి చేసినవాడు అతనొక్కడే. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ మహిపాల్‌పూర్ రోడ్డు పక్కన, చలిలో, ఒంటి మీద బట్టలేకుండా పడి ఉన్న ఆ బస్సు బాధితులిద్దరి పక్కన కార్లు, ఆటోలు నెమ్మదించి, చూసి, సాగిపోయాయని బతికి బయటపడ్డ స్నేహితుడే చెప్పాడు.

దీనికి మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబు నాకు తెలుసు. వాడి దగ్గర కత్తి ఉంటే? రేపు నా షాపు మీద పడితే? సాక్ష్యం అంటూ కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు? "నీకేమవుతుందిరా ఆ పిల్ల?" అని వాడు అడిగితే ఏం చెప్పాలి?

భయం అబద్ధం కాదు. ముఖ్యంగా కోర్టు భయం. రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లను వేధించొద్దని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి ఆ రక్షణను చట్టం చేశారు. ఆకతాయిని అడ్డుకున్నవాడికి అలాంటి సెక్షన్ ఏదీ? దాన్ని ఏ ప్రభుత్వమైనా తలపెట్టినట్టు, ఏ ఎమ్మెల్యే అయినా అడిగినట్టు నేను వినలేదు. ఈ ఒక్క విషయంలో షాపాయన వైపు నేనూ నిలబడతాను.

కానీ ఆ రాత్రి అతన్ని కత్తికి ఎదురెళ్లమని ఎవరడిగారు? షట్టరు ఎత్తి ఉంచమని అడిగాం. ఒక కుర్చీ లాగి "కూచోమ్మా, మంచినీళ్లు తాగు" అంటే చాలు. పాన్ డబ్బా దగ్గర ముగ్గురిలో ఒక్కడు "ఏమ్మా, ఇంత లేటైందే, మీ నాన్న ఇందాకే అడిగాడు" అని గట్టిగా పలకరిస్తే చాలు. పిల్లకు ఎవరో తెలిసినవాళ్లున్నారని వెంటపడేవాళ్లకు అర్థమైతే సగం మంది జారుకుంటారు. వాళ్లు ధైర్యవంతులు కాదు, మనం కదలమన్న ధీమాతో తిరిగేవాళ్లు. మా చిన్నప్పుడు మా ఊళ్లో రైలు దిగి చీకట్లో నడిచే ఆడమనిషిని అరుగు మీద ముసలాయన ఎవరైనా "ఎవరమ్మా, ఎవరింటికి?" అని అడిగేవాడు. అప్పట్లో అది ఆరా అనిపించి చికాకు పడేదాన్ని. అందులో పెత్తనం లేదని చెప్పను, ఉంది. అయినా ఆ వీధిలో ఎవరో ఒకరు చూస్తున్నారన్న సంగతి వెనక వచ్చేవాడికీ తెలిసేది.

మా స్టాపు నుంచి మలుపు దాకా రెండు వీధి దీపాలు వెలగవు. మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెడితే 'సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. దీపం మాత్రం రాలేదు. మళ్లీ పెడితే మళ్లీ పరిష్కరించబడింది. రాత్రి ఏడున్నర దాటాక ఆడవాళ్లు అడిగిన చోట బస్సు ఆపాలని హైదరాబాద్‌లో ఆర్టీసీ కొన్నేళ్ల కిందటే ఆదేశం ఇచ్చింది. మా పిల్ల ఆ మాట చెప్పి మలుపు దగ్గర ఆపమంటే డ్రైవరు "అలాంటిదేం లేదమ్మా" అన్నాడు. అతని తప్పు కాకపోవచ్చు, అతనికి ఎవరు చెప్పారు?

ఇప్పుడు ఆ పిల్ల రెండో షిఫ్టు మానేసింది. షిఫ్టు అలవెన్సు పోయింది, సీనియర్ పోస్టుకి పేరు తీసేశారు. బైకు వాళ్లకు పోయిందేమీ లేదు. ఇది చెబితే మా బంధువులావిడ "మంచి పని చేసింది, జాగ్రత్తగా ఉండటం మంచిది కదా" అంది. ఆవిడతో వాదించే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది.

కాలనీ సంఘం మీటింగులో లేచి అడిగాను. షాపుల వాళ్లకు ట్రేడ్ లైసెన్సులిచ్చేటప్పుడు ఎన్నో షరతులు పెడతారు కదా, భయపడి లోపలికొచ్చిన మనిషిని బయటికి పంపకూడదని ఒకటి పెట్టించలేమా? మన వీధి షాపుల వాళ్లను, ఆటో స్టాండు వాళ్లను ఒక ఆదివారం కూచోబెట్టి, ఇలాంటప్పుడు ఏం చేయాలో స్టేషన్ వాళ్లతో చెప్పించలేమా? దీపాల సంగతి కమిషనరు దగ్గరికి గుంపుగా వెళ్లి అడగలేమా? అధ్యక్షుడు గారు శ్రద్ధగా విన్నారు. తర్వాతి అంశం వినాయక చవితి మండపం చందా. దాని మీద గంటన్నర చర్చ జరిగింది.

మర్నాడు ఇవే రాసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. "మంచి పాయింట్లు మేడం, ఇచ్చి వెళ్లండి, పైకి పంపిస్తాం" అన్నారు. ఇచ్చాను. రసీదు అడిగితే ఇన్‌వార్డ్ క్లర్కు సెలవులో ఉన్నాడన్నారు. ఆయన సెలవు అయిపోయేదాకా రోజూ వస్తానని చెప్పి అక్కడే బెంచీ మీద కూచున్నాను.