కారుకు కరెంటు ఏ వేళ చవక?

"రాత్రి పడుకోబోయే ముందు ప్లగ్గు పెట్టేస్తే చాలు మేడమ్, తెల్లారేసరికి బండి రెడీ. రాత్రిపూట కరెంటు చవక కూడా" అన్నాడు షోరూం అబ్బాయి. మావారు తలూపారు. నేను ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో కరెంటు బిల్లు కట్టేది నేనే. పదిహేనేళ్లుగా కడుతున్నా, ఆ బిల్లులో రాత్రి రేటన్నది నేనెప్పుడూ చూడలేదు మరి!

తిరుపతివాళ్లకి కరెంటు బండ్లు కొత్తేం కాదు. 2022 సెప్టెంబరులోనే కొండకి ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. పొగ లేకుండా ఘాట్ రోడ్డెక్కే ఆ బస్సులు చూసే మావారికీ ముచ్చట పుట్టింది. పైగా చిత్తూరులో మా అత్తగారు ఒంటరిగా ఉంటారు. వారానికోసారైనా వెళ్లిరావాలి. అర్ధరాత్రి ఫోనొస్తే బయల్దేరాలి. ఆర్టీసీకైతే డిపోలో చార్జర్లు చూసుకునే సిబ్బంది ఉంటారు. ఇంట్లో ఆ సిబ్బంది ఎవరు? ఇంకెవరు, మనమే!

అందుకే ఇంటికొచ్చి పాత బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను.

బిల్లు చెప్పిన లెక్క

రాత్రి చవక అన్నమాట విదేశాల నుంచి వచ్చింది. బ్రిటన్ లాంటి చోట్ల అర్ధరాత్రి దాటాక కరెంటు వాడకం పడిపోతుంది కాబట్టి, ఆ వేళ కారుకు చార్జింగ్ పెట్టుకునేవాళ్లకి రేటు తగ్గించి ఇస్తారు. మా మీటరుకి పగలూ రాత్రీ తెలీదు. దానికి తెలిసిందల్లా స్లాబులే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు.

మా ఇంటి వాడకం నెలకు సుమారు 200 యూనిట్లు. కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 150 యూనిట్ల దాకా కావాలి. అందులో మొదటి 25 యూనిట్లే 6 రూపాయల రేటులో పడతాయి. మిగతా 125 పై స్లాబుకెళ్తాయి. వెరసి నెలకు 1,244 రూపాయలు. సర్దుబాటు చార్జీలు వేరే. వంద దాటిన పెట్రోలుతో అదే దూరానికి ఆరువేలకు పైనే అవుతుంది కాబట్టి లాభమే. కానీ వేసవిలో ఏసీ కూడా తోడైతే ఎక్కడికి పోతుందో చూసుకోవాలి కదా.

ఇక్కడే ఒక దారుంది. కారు చార్జింగుకి విడిగా కనెక్షన్ అడిగే హక్కు 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనలు మనకిచ్చాయి. అపార్టుమెంటులో ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం. 2022 రేట్లలో విద్యుత్ వాహనాల చార్జింగ్ కేటగిరీకి స్లాబులు లేవు, యూనిట్ 6 రూపాయల 70 పైసలు. ఆ లెక్కన మా 150 యూనిట్లకి 1,005 రూపాయలు. అయితే రెండో మీటరు ఖర్చెంత, మనకు ఇచ్చేది ఏ కేటగిరీ అన్నది కరెంటాఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

పెద్ద చార్జరెందుకు?

గోడకు బిగించే 7 కిలోవాట్ల చార్జర్ తీసుకోమని మరో సలహా. మేం చూసిన కారు బ్యాటరీ 30 యూనిట్లది. చిత్తూరు 70 కిలోమీటర్లు. వెళ్లడానికి పది యూనిట్లు చాలు. బ్యాటరీ ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకుంటే అర్ధరాత్రి ఫోనొచ్చినా భయం లేదు. చిత్తూరు పోయొచ్చిన ఖర్చంతా మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుతో ఏడెనిమిది గంటల్లో నిండుతుంది. రోజూ వంద కిలోమీటర్లకు పైగా తిరిగేవాళ్లకి పెద్దది కావాలేమోగానీ, మాకెందుకు? దానికోసం ఇంటి లోడు పెంచాలి, వైరింగ్ మార్చాలి.

చిన్నదైనా ఆ ప్లగ్గుకి మీటరు నుంచి విడిగా లైను, మంచి ఎర్తింగు, ఎంసీబీ ఉండాల్సిందే. మా ఎలక్ట్రీషియన్ పాత వైరు చూసి, "అక్కా, ఇది గీజరుకే వేడెక్కతా ఉండాది. కారుకి నిలబడదు" అన్నాడు. నవ్వి ఊరుకునే మాట కాదది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగుకి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. స్కూటరు బ్యాటరీని మంచం పక్కన, గుమ్మానికి అడ్డంగా పెట్టనివ్వకండి.

రేపటి రేట్లు, మన వంటిళ్లు

అసలు ఆలోచించాల్సింది ఇంకోటుంది. 2023 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వేళను బట్టి రేట్లు రావాలి. వ్యవసాయానికి తప్ప అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి అమలు కావాలని గడువు పెట్టారు. ఎండ కాసే వేళల్లో సౌరవిద్యుత్ దండిగా ఉంటుంది కాబట్టి అప్పుడు కనీసం 20 శాతం తగ్గింపు. వాడకం బాగా ఎక్కువుండే వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం పెంపు. అంటే మనకు చవకైన వేళ అర్ధరాత్రి కాదు, మిట్టమధ్యాహ్నం!

మరి వాడకం ఎక్కువుండే వేళ ఏది? ముఖ్యంగా సాయంత్రం. పిల్లలు చదువుకునే వేళ, మిక్సీ తిరిగే వేళ, ఇండక్షన్ పొయ్యి మీద కూర ఉడికే వేళ. కారుని మధ్యాహ్నానికి జరపొచ్చు. ఇంట్లో ఉండే నాలాంటివాళ్లు వాషింగ్ మెషీనూ, మోటారూ కూడా జరుపుకోగలరు. ఆరింటికి ఆఫీసు నుంచొచ్చి వంటింట్లో దూరే ఆడమనిషి రాత్రి భోజనాన్ని ఎక్కడికి జరుపుతుంది? కారున్న ఇంటికి తగ్గింపూ, కారులేని ఉద్యోగినికి వడ్డింపూ అయితే అదేం న్యాయం?

సొంత మిద్దె ఉన్నవాళ్లకి సోలార్ ఓ మార్గం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మన సీమలో ఎండకేం కరువు! అద్దె ఇళ్లవాళ్లకి ఆ దారీ లేదు.

రేట్లు ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయం అడుగుతుంది. రైతు సంఘాలు మాట్లాడతాయి, పరిశ్రమలవాళ్లు మాట్లాడతారు. బిల్లు కట్టే మనం మాత్రం టీవీలో చూసి నిట్టూరుస్తాం. ఈసారి నేనో ఉత్తరం రాయబోతున్నాను. మీరూ మీ వంటింటి వేళలు రాసి పంపకూడదూ?